చిన్న ఓనరు, అద్దె లెక్క

వనస్థలిపురం, కూకట్‌పల్లి, విజయవాడ పటమట, విశాఖ మధురవాడ. ఏ కాలనీలోకి వెళ్లినా ఒకే తీరు ఇల్లు ఎదురవుతుంది. నూటయాభై గజాల స్థలం, కింద ఇంటివాళ్లు, పైన రెండు పోర్షన్లు, డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన మరో గది. ఉద్యోగం చేసినన్నాళ్లూ కూడబెట్టిన డబ్బుకు పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి కట్టుకున్న ఇళ్లు ఇవి. పల్లె నుంచి వచ్చిన కుర్రాడికైనా, బదిలీ మీద వచ్చిన టీచరుకైనా మన ఊళ్లలో నీడనిస్తున్నది ఎక్కువగా ఈ చిన్న ఓనర్లే. 2011 జనగణన నాటికి దేశంలో పట్టణ కుటుంబాల్లో 27.5 శాతం అద్దె ఇళ్లలో ఉన్నాయి. అదే జనగణనలో పట్టణాల్లో కోటికి పైగా ఇళ్లు ఖాళీగా తేలాయి. ఒకపక్క ఇల్లు దొరక్క తిరిగేవాళ్లుంటే, మరోపక్క తాళం పడ్డ ఇళ్లున్నాయి. ఇస్తే మళ్లీ ఖాళీ చేయరేమోనన్న భయం ఆ తాళాలకున్న కారణాల్లో ఒకటి.

చిన్న ఓనరుకు సలహాలకు కొదవ లేదు. ఇల్లు కొనమని బిల్డరు, అద్దె పెంచమని పక్కింటాయన, పదకొండు నెలలకు మించి రాయొద్దని డాక్యుమెంట్ రైటరు, అసలు కాగితమే వద్దని బంధువు చెబుతుంటారు. వీటిలో కొన్ని మంచివి, కొన్ని పాతబడ్డవి, కొన్ని నష్టం తెచ్చేవి. అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలేది ఒకటే. చిన్న ఓనరు ఆదాయం నిలిచేది రెండు పనులతో: ఇల్లు ఖాళీ పడకుండా చూసుకోవడం, వచ్చే ప్రతి రూపాయికీ కాగితం ఉంచుకోవడం. అద్దె ఎంత పెంచామన్నది వీటి తరవాతే.

ముందుగా కొనుగోలు లెక్క. హైదరాబాద్‌లో 80 లక్షల ఫ్లాటు ఒకటి అనుకుందాం. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 6 లక్షలు. కప్‌బోర్డులకు, ఫ్యాన్లకు, గీజర్లకు 4 లక్షలు. మొత్తం 90 లక్షలు. అద్దె నెలకు 24 వేలు వస్తే ఏడాదికి 2 లక్షల 88 వేలు, పెట్టుబడి మీద 3.2 శాతం. రెండేళ్లకో నెల ఖాళీ, ఇంటి పన్ను, మనిషి మారినప్పుడల్లా రంగులు, ప్లంబరు, ఎలక్ట్రీషియను కలిపి ఏడాదికి 40 వేలు వేసుకుంటే మిగిలేది 2.75 శాతం. అదే డబ్బు బ్యాంకులో ఫిక్స్‌డ్ వేసినా ఇంతకు రెట్టింపు వస్తుంది. అప్పు చేసి కొంటే పరిస్థితి మరీ కష్టం. 65 లక్షల రుణానికి 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు నెల వాయిదా 56 వేలు దాటుతుంది. అద్దె 24 వేలు పోను మిగతా 32 వేలు ప్రతి నెలా జీతంలోంచి పోవాలి. అద్దెతోనే వాయిదా తీరిపోతుందని ఎవరైనా చెబితే, కాగితం మీద రాసి చూపించమని అడగండి.

ధర పెరుగుతుంది కదా అంటారు. పెరిగిన మాట నిజమే. కొండాపూర్, కోకాపేట వైపు పదేళ్ల కిందట కొన్నవాళ్లు బాగుపడ్డారు. కానీ పెరిగేది భూమి విలువ. పది అంతస్తుల అపార్ట్‌మెంటులో ఒక ఫ్లాటుకు వచ్చే భూమి వాటా ముప్పై నలభై గజాలకు మించదు. కట్టడం మాత్రం ఏటేటా పాతబడుతుంది, పదిహేనేళ్లకు లిఫ్టూ పైపులూ మార్చాలి. ధర పెరుగుతుందనే ఆశతో కొనేవాళ్లు ఆ ఆశతోనే కొనాలి. అద్దె ఆదాయం కోసమని తమకు తాము నచ్చజెప్పుకోవద్దు. ఇక ప్రాజెక్టు మొదలుకాకముందే డబ్బు కట్టించుకుని నెలనెలా అద్దె ఇస్తామనే పథకాల జోలికి పోనే వద్దు. స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కాని ప్రాజెక్టును అమ్మడమే 2016 చట్టం ప్రకారం తప్పు. అలాంటి అద్దె హామీలు నమ్మి హైదరాబాద్‌లో చాలా కుటుంబాలు జీవితకాలపు పొదుపు పోగొట్టుకుని పోలీసుల చుట్టూ తిరుగుతున్నాయి.

అద్దె కోసమే డబ్బు పెట్టేవాళ్లకు మన దగ్గర ఇంతకంటే మంచి దారి ఉంది. సొంత స్థలంలో ఉన్న ఇంటిపై ఇంకో అంతస్తు వేయడమే ఆ దారి. భూమి ఎటూ ఉంది కాబట్టి ఖర్చు కట్టడానికే. చదరపు అడుగుకు 2 వేల చొప్పున వెయ్యి అడుగులకు 20 లక్షలు. 13 వేల అద్దె వస్తే ఏడాదికి 1 లక్షా 56 వేలు, అంటే 7.8 శాతం. సొంత ఇల్లున్న రిటైరైన మనిషికి ఇంతకంటే నమ్మకమైన అద్దె పెట్టుబడి నాకు కనిపించదు. కిందే ఉంటారు కాబట్టి ట్యాంకు పొంగినా, మోటారు కాలినా వెంటనే తెలుస్తుంది. అయితే పునాది ఆ బరువు మోయగలదో లేదో ఇంజినీరు చూడాలి, అనుమతి తీసుకోవాలి. తెలంగాణలో 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం కింద 600 గజాల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు వరకు సొంత ధ్రువీకరణతో అనుమతి వస్తోంది. 75 గజాల లోపు స్థలంలో జీ ప్లస్ వన్‌కు రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. ఇంత సులువైనప్పుడు అనుమతి లేకుండా పైన ఇంకో స్లాబు వేయడం తెలివి తక్కువ పని. ఇంటి పన్ను మీద జరిమానా పడుతుంది, రేపు బ్యాంకు రుణం ఇవ్వదు, కూల్చివేత నోటీసు వస్తే పైనున్న అద్దెవాళ్లూ రోడ్డున పడతారు.

ఇల్లు ఖాళీ పడటం గురించి ఓనర్లు వేసుకోవాల్సినంత లెక్క వేసుకోరు. 20 వేల అద్దె ఇంట్లో నాలుగేళ్లుగా ఉంటూ ఐదో తేదీలోపు డబ్బు పంపే కుటుంబాన్ని ఒకేసారి 3 వేలు పెంచమన్నారనుకుందాం. వాళ్లు ఒప్పుకుంటే ఏడాదికి 36 వేలు అదనం. ఒప్పుకోక వెళ్లిపోతే? రంగులకు 20 వేలు, బ్రోకరుకు సగం నెల అద్దె 10 వేలు, ఇల్లు ఖాళీగా ఉన్న రెండు నెలలకు 40 వేలు. మొత్తం 70 వేలు పోయినట్టు. కొత్తగా వచ్చేవాళ్లు 23 వేలు ఇచ్చినా ఆ నష్టం పూడటానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. ఆలోపు వాళ్లూ మారిపోవచ్చు. మంచి మనిషికి ఏటా ఐదు శాతం పెంచడం ఇద్దరికీ న్యాయం. అది కూడా ఒప్పందంలోనే రాసి ఉంటే ఏటా గుమ్మం దగ్గర మొహమాటపడే పని ఉండదు.

మన తెలుగు ఇళ్లలో దీనికి ఇంకో కోణం ఉంది. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో, మూఢం రోజుల్లో ఇల్లు మారేవాళ్లు బాగా తక్కువ. మంచి రోజు చూసుకుని పాలు పొంగించాకే సామాను దించుతారు. జ్యేష్ఠం చివర ఇల్లు ఖాళీ అయితే శ్రావణం దాకా బోర్డు గేటుకే ఉంటుంది. పిల్లల బడులు తెరిచే జూన్‌కు ముందు, ఏప్రిల్, మే నెలల్లో కుటుంబాలు ఎక్కువగా వెతుకుతాయి. కాబట్టి ఒప్పందం గడువు ఏ నెలలో ముగుస్తుందో రాసుకునేటప్పుడే చూసుకోవాలి. ఆషాఢంలో తీరే ఒప్పందాన్ని శ్రావణానికి జరిపితే ఒక ఖాళీ నెల తప్పుతుంది. ఖాళీ చేస్తామని చెప్పిన రోజు నుంచే కొత్తవాళ్లకు చూపించేలా రెండు నెలల ముందస్తు నోటీసు షరతు పెట్టుకోవడం కూడా ఇందుకే.

ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న దగ్గరే మన ఓనర్లు ఎక్కువ తప్పు చేస్తున్నారు. బ్యాచిలర్లకు లేదు, ఒంటరి ఆడవాళ్లకు లేదు, మాంసం వండేవాళ్లకు లేదు. ఫోన్‌లో ఊరు, ఇంటిపేరు అడిగి కులం పసిగట్టి, ఇల్లు అప్పుడే ఇచ్చేశామని చెప్పడం మన ఊళ్లలో అందరికీ తెలిసిన సంగతి. ఒక మనిషిని పుట్టుక చూసి గుమ్మం బయట నిలబెట్టడం అన్యాయం, ఇందులో రెండో మాట లేదు. లెక్క ప్రకారం చూసినా నష్టమే. అడిగేవాళ్లను సగానికి సగం తగ్గించుకుంటే ఖాళీ నెలలు పెరుగుతాయి. అద్దె కట్టగలరా, ఎంతమంది ఉంటారు, పాత ఓనరు ఏమంటారు, ఎన్నాళ్లు ఉండాలనుకుంటున్నారు. ఈ నాలుగూ అడిగితే చాలు. ఆధార్ కాపీ, ఆఫీసు ఐడీ తీసుకుని, పోలీస్ స్టేషన్‌లో అద్దెదారు వివరాలు ఇచ్చి ఉంచడం మంచి పద్ధతి. పాత ఓనరుకు ఫోన్ చేయడం మాత్రం చాలామంది మానేస్తారు. నిజం తెలిసేది అక్కడే.

ఇల్లు ఇచ్చే రోజు, తీసుకునే రోజు చేసే పని కొంచెం వివరంగా చెప్పాలి, గొడవలన్నీ అక్కడే పుడతాయి కనుక. సామాను దించకముందే ఇద్దరూ కలిసి గది గది తిరగండి. ఫోన్‌లో ఒకే వీడియో తీయండి. గోడల రంగు, స్విచ్‌బోర్డులు, వంటగట్టు గ్రానైటు, బాత్రూమ్ టైల్స్, ఫ్లష్ ట్యాంకు, కిటికీ జాలీలు, తలుపు గడియలు అన్నీ అందులో ఉండాలి. ఫ్యాన్లెన్ని, ట్యూబ్‌లైట్లెన్ని, తాళంచెవులెన్ని అన్నది ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి, దాంతో తేదీ కూడా నమోదవుతుంది. వెళ్లే రోజు అదే కాగితం, అదే వీడియో ముందు పెట్టుకుని లెక్క చూసుకోవచ్చు. మూడేళ్లు ఉన్న గోడకు రంగు వెలిసిపోవడం మామూలు అరుగుదల, దాన్ని అడ్వాన్సులోంచి కోయకూడదు. పగిలిన వాష్‌బేసిన్, పిల్లలు గీసిన గోడ వేరు సంగతి. ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు ఎవరిదన్నది ముందే రాసుకుంటే సగం తగువులు ఉండవు. హైదరాబాద్‌లో రెండు నెలల అడ్వాన్సు ఆనవాయితీ. ఆ డబ్బు ఓనరుది కాదు. ఖర్చుపెట్టేసి, కొత్తవాళ్లు వచ్చాక ఇస్తానని పాతవాళ్లను తిప్పించుకునే ఓనరుకు వీధిలో పేరు పోతుంది. అద్దె పోర్షన్‌కు బ్రోకరు కంటే ఆ పేరే ఎక్కువ పనిచేస్తుంది.

కరెంటు మీటరు ప్రతి పోర్షన్‌కూ విడిగా ఉండాలి. యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరిగే స్లాబు విధానంలో మూడు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉంటే అందరూ పై రేటుకే కడతారు. తెలంగాణలో 200 యూనిట్ల లోపు వాడకానికి గృహజ్యోతి కింద బిల్లు లేకుండా పోవాల్సిన అద్దె కుటుంబం కూడా ఉమ్మడి మీటరు వల్ల ఆ లాభం కోల్పోతుంది. హైదరాబాద్ జలమండలి నెలకు ఇచ్చే 20 వేల లీటర్ల ఉచిత నీళ్లు కూడా సాధారణంగా మీటరున్న ఇళ్లకే. ఎండాకాలం ట్యాంకరు ఖర్చు ఎవరిదో కూడా ఒప్పందంలో ఒక్క వాక్యం రాసుకోవాలి.

కాగితం విషయంలో ప్రచారంలో ఉన్న భయాలు చాలా వరకు తప్పు. పన్నెండేళ్లు ఉంటే ఇల్లు అద్దెవాళ్లదైపోతుందన్న మాట ఊరూరా వింటాం. అద్దెదారు ఓనరు అనుమతితో ఉన్న మనిషి. అద్దె కడుతూ ఉన్నంతకాలం ఎన్నేళ్లయినా ఇల్లు అతని సొంతం కాదు. అద్దెకు తీసుకున్న మనిషి ఆ కాలంలో ఓనరు హక్కునే కాదనడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. పన్నెండేళ్లన్నది ఎక్కడ వస్తుందంటే, అద్దె ఒప్పందం రద్దయ్యాక స్వాధీనం కోసం ఓనరు కోర్టుకు వెళ్లాల్సిన గడువు లిమిటేషన్ చట్టంలో అంత ఉంది. కాబట్టి ఓనరు భయపడాల్సింది ఎక్కువ కాలం ఉన్న అద్దెవాళ్లను చూసి కాదు. రసీదు, ఒప్పందం ఏవీ లేకుండా ఏళ్ల తరబడి వదిలేసిన ఇంటి గురించి భయపడాలి.

పదకొండు నెలల ఒప్పందం ఆచారం 1908 రిజిస్ట్రేషన్ చట్టం నుంచి వచ్చింది. ఆ చట్టం మూల రూపం ప్రకారం ఏడాది దాటే లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలి. చేయకపోతే అందులోని షరతులను కోర్టులో రుజువుగా చూపలేరు. ఆ ఖర్చు తప్పించుకోవడానికి పదకొండు నెలలు రాస్తారు. అలా రాసుకున్నా, స్టాంపు పేపరు మీద రాసి ప్రతిసారీ కొత్తగా సంతకాలు పెట్టుకోవాలి. కానీ చాలామంది ఒక్కసారి రాసి ఐదేళ్లు ఊరుకుంటారు. గడువు దాటాక కూడా అద్దె తీసుకుంటూ ఉంటే అది నెలనెలా సాగే అద్దె అవుతుంది. 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే అలాంటి అద్దెను పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చు. నోటీసు తరవాత కూడా కదలకపోతే సివిల్ కోర్టే దిక్కు. కోర్టు దాకా వెళితే ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేం. అందుకే కోపంలో కరెంటు తీసేయడం, నీళ్ల వాల్వు కట్టేయడం, తాళం మార్చడం లాంటివి చేస్తారు. అవి చట్టవిరుద్ధం, కేసు ఓనరు మీదే తిరగబడుతుంది. రెండో నెల అద్దె ఆగినప్పుడే రాతపూర్వకంగా అడగడం, అడ్వాన్సు కరిగిపోకముందే నోటీసు ఇవ్వడం, అవసరమైతే పెద్దమనుషుల మధ్య కూర్చుని రవాణా ఖర్చు ఇచ్చి అయినా పంపించడం చిన్న ఓనరుకు అన్నిటికంటే చౌకగా తెమిలే దారులు.

పన్ను భయం వల్ల జరిగే నష్టం ఇంకా విచారకరం. అద్దె లెక్కలో కనపడితే పన్ను పడుతుందని నగదు తీసుకుంటారు, రసీదు ఇవ్వరు, పాన్ నంబరు ఇవ్వమంటే అద్దెదారుతో గొడవ పడతారు. లెక్క వేసి చూద్దాం. నెలకు 50 వేల పింఛను, రెండు పోర్షన్ల మీద 28 వేల అద్దె వచ్చే రిటైరైన ఉద్యోగి. ఏడాది అద్దె 3 లక్షల 36 వేలు. అందులో కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలిన దాంట్లో 30 శాతం మరమ్మతుల కింద ఏ బిల్లూ అడగకుండానే తగ్గిస్తారు. ఇంటి పన్ను 6 వేలైతే లెక్కకు వచ్చే అద్దె ఆదాయం 2 లక్షల 31 వేలే. పింఛనుతో కలిపినా 12 లక్షలకు చాలా దూరం. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో అంతవరకు పన్నే లేదు. లేని పన్నుకు భయపడి, కోర్టులో బాగా పనికొచ్చే సాక్ష్యాన్ని, బ్యాంకు ఖాతాలో పడ్డ అద్దెను, చేజేతులా వదులుకుంటున్నారు. అద్దె బ్యాంకు ద్వారానే తీసుకోండి. అద్దెదారు ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ కోసం పాన్ అడిగితే ఇవ్వండి. ఏడాదికి లక్ష దాటిన అద్దెకు అది వాళ్లకు తప్పనిసరి.

జీతం పన్ను తగ్గుతుందని అప్పు చేసి ఫ్లాటు కొనమనే పాత సలహాకు ఇప్పుడు బలం లేదు. కొత్త విధానంలో అద్దె ఇంటి రుణ వడ్డీని అద్దెలోంచి తగ్గించుకోవచ్చు గాని, మిగిలిన నష్టాన్ని జీతం మీద సర్దుకునే వీలు లేదు. పాత విధానంలో కూడా ఏడాదికి 2 లక్షలే హద్దు.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉండి ఇక్కడ ఫ్లాటు అద్దెకిచ్చిన మనవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఓనరు ప్రవాసి అయితే, అద్దె ఎంత చిన్నదైనా అద్దెదారే 31.2 శాతం పన్ను మినహాయించి కట్టాలి. స్వదేశంలో ఉండే ఓనరుకు మాత్రం నెలకు 50 వేలు దాటితేనే, అదీ 2 శాతమే. ఇది తెలియక అన్నదమ్ముల ఖాతాలో అద్దె వేయించుకునే ప్రవాసులు ఎందరో. అద్దెదారు తప్పు చేసినట్టు అవుతుంది, తరవాత ఓనరుకూ చిక్కే. తక్కువ మినహాయింపు ధ్రువపత్రం తీసుకుని, ప్రవాసులకు ఉండే ఎన్ఆర్ఓ బ్యాంకు ఖాతాలోకి వేయించుకోవడం సరైన దారి.

కింద షట్టర్లు కట్టి దుకాణాలకు ఇస్తే అద్దె ఎక్కువ వస్తుంది. అయితే కరెంటు కేటగిరీ, ఇంటి పన్ను రేటు వాణిజ్యానికి మారతాయి. కాంపోజిషన్ పథకంలో లేని దుకాణదారుకు జీఎస్టీ నంబరు ఉండి ఓనరుకు లేకపోతే, 2024 అక్టోబరు 10 నుంచి ఆ పన్ను దుకాణదారే నేరుగా కట్టాలి. కానీ అంతకంటే ముఖ్యమైంది, ఆ షట్టరు వెనక ఏం నిల్వ ఉంటుందన్నది. 2023 నవంబరులో హైదరాబాద్ నాంపల్లి బజార్‌ఘాట్‌లో నివాస భవనం కింది భాగంలో ఉన్న రసాయనాల డ్రమ్ములు అంటుకుని పైన ఇళ్లలో ఉన్న 9 మంది చనిపోయారు. పైన కుటుంబాలున్న భవనంలో కింద రసాయనాలకు, గ్యాస్ సిలిండర్ల నిల్వకు, టిన్నర్లకు ఎంత అద్దె ఇస్తామన్నా చోటు ఇవ్వకూడదు.

ఇక చట్టం. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఓనరుకూ అద్దెదారుకూ మేలు చేసే అంశాలున్నాయి. ఒప్పందం రాతలో ఉండి రెంట్ అథారిటీకి అందాలి. నివాసానికి అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదు. ఓనరు ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి. గడువు దాటి ఖాళీ చేయకపోతే రెండు నెలలు రెట్టింపు, ఆ తరవాత నాలుగు రెట్లు అద్దె. తగువులు తీర్చేందుకు ప్రత్యేక రెంట్ కోర్టు, అరవై రోజుల లక్ష్యం. అద్దె రాష్ట్రాల పరిధిలోని అంశం కాబట్టి రాష్ట్రాలు చట్టం చేస్తేనే ఇది అమలవుతుంది. ఆంధ్రప్రదేశ్ 2017లోనే 1960 నాటి చట్టం స్థానంలో కొత్త అద్దె చట్టం తెచ్చుకుంది. తెలంగాణలో ఇంకా 1960 చట్టమే ఉంది. అందులోనూ 2005 సవరణ ప్రకారం కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు ఆ రెంట్ కంట్రోల్ చట్టం వర్తించదు. హైదరాబాద్‌లో ఇవాళ 3,500కు గది కూడా దొరకదు. అంటే ఈ నగరంలో దాదాపు ప్రతి అద్దె తగువూ మామూలు సివిల్ కోర్టు క్యూలో నిలబడాల్సిందే. తాళం వేసిన ఇళ్లు తెరుచుకోవాలన్నా, అద్దెవాళ్లకు అడ్వాన్సు సకాలంలో తిరిగి రావాలన్నా తెలంగాణ ప్రభుత్వం రెంట్ అథారిటీ, రెంట్ కోర్టులతో కూడిన కొత్త అద్దె చట్టాన్ని ఆలస్యం లేకుండా తీసుకురావాలి. కాలనీ సంక్షేమ సంఘాలు తమ ఎమ్మెల్యేల ముందు ఈ కోరికను రాతపూర్వకంగా పెట్టాలి.